మాటకు తోడు

"సైంధవము తెమ్ము" అని యజమాని యాజ్ఞాపించెను. సైంధవమనగా ఉప్పు, గుఱ్ఱమును సైంధవమే. భోజనమునకు కూర్చున్నవాని యెదుటికి గుఱ్ఱమును తోలుకొని వచ్చిన సేవకుడు నవ్వులపాలగును. ప్రయాణమునకు సిద్ధమైనవాని చేతిలో ఉప్పు పెట్టినను అంతియే. సందర్భమే యర్థమును నిర్ణయించునని భారతదేశపు ప్రాచీన శాస్త్రకారులు ఈ యుదాహరణముతో బోధించిరి.

కన్నులును, ఆకలియు లేని కంప్యూటరు సందర్భము నెట్లెఱుంగును? 1949లో అమెరికా గణితజ్ఞుడు వారెన్ వీవర్ ఒక మార్గము సూచించెను. చిల్లుగల అట్టతో పుటను కప్పి ఒక్క మాటనే చూచినచో అర్థము తేలదు. చిల్లును పెద్దది చేసి ఇరుప్రక్కల మాటలనుగూడ చూచినచో తేలును. "పాలు" అను మాట ప్రక్కన "కాచి", "పెరుగు" అనునవి యున్నచో అవి త్రాగెడి పాలు. "అన్నదమ్ములు", "ఆస్తి" అనునవి యున్నచో భాగములు.

ఇది చాలదని 1960లో యెహోషువ బార్-హిల్లెల్ అను పండితుడు వాదించెను. పెట్టె "పెన్‌"లో నున్నదని ఆంగ్లమున నన్నచో, ఆ మాటకు కలమనియు, పసిపిల్లలాడుకొను చిన్న ఆవరణమనియు అర్థములు గలవు. కలములో పెట్టె పట్టదని మనుష్యుడెఱుంగును. యంత్రమున కా లోకజ్ఞాన మెక్కడిది?

నేటి కంప్యూటర్లు కోట్లకొలది వాక్యములను పరిశీలించి, ఏ మాట ఏ మాటలతో పొత్తు కలియునో గ్రహించి, ప్రతి మాటను అంకెల వరుసగా మార్చుకొనును. చుట్టునున్న మాటలనుబట్టి ఆ యంకెలు మాఱును. బార్-హిల్లెల్ చూపిన చిక్కును అవి నేడు తఱచుగా విప్పగలుగుచున్నవి. అయినను అరుదైన మాటలయందును, వ్రాతలు తక్కువగా లభించు భాషలయందును పొరబడుచుండును. మందుచీటిలోనో, దస్తావేజులోనో పొరబడినచో నష్టపోవునది యంత్రము కాదు. కావున అది చెప్పిన యర్థమును సందర్భముతో సరిచూచుకొనుట చదువరి విధి.