పదిహేను రాత్రుల యూరప్

రిటైరయ్యాక జంటగా యూరప్ చూసి రావాలనుకునే బిలాస్‌పూర్ తెలుగు రైల్వే కుటుంబాలకు టైమ్ టేబుల్ కొత్త కాదు. అందులో తమ ఇద్దరి కోసం ఖాళీ ఉంచుకోవడమే కొత్త

లింగియాడీహ్ అంటే బిలాస్‌పూర్‌లో చాలామందికి ముందు గుర్తొచ్చేది అపోలో ఆస్పత్రి. సీపత్ రోడ్డు పక్కనున్న ఈ పేట నుంచి రోమ్‌కో పారిస్‌కో దారి వెతకడం కొంచెం వింతగానే అనిపించవచ్చు. కానీ ఆ దారిలో పెద్ద భాగం రైలు దారే. రైలు గురించి ఈ ఊరికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే దీన్ని జంక్షన్‌గా మార్చింది. ఆ కొలువుల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయ్యాక ఊరికి రైల్వే ముద్ర ఇంకా గట్టిగా పడింది.

ఇలాంటి ఇళ్లలో ఏ బండి ఎక్కడ ఎంతసేపు ఆగుతుందో, కనెక్షన్ తప్పితే తర్వాతిది ఎప్పుడో అందరికీ నోటికి వస్తుంది. అయినా భార్యాభర్తలిద్దరూ కేవలం తమ కోసం రైలెక్కిన సందర్భాలు తక్కువ. ఆయన గార్డో డ్రైవరో అయితే పండగ రోజున కూడా ఏదో ఒక రన్నింగ్ రూములో ఉంటారు. ఇల్లు నడిపే బాధ్యత ఆమెది. పాస్ తీసేది మేనల్లుడి పెళ్లికో, తిరుపతి మొక్కుకో, ఊళ్లో పెద్దవాళ్ల దినానికో. అందుకే యూరప్ యాత్ర వాళ్ల ప్రయాణాల్లో కొత్త రకం. అక్కడ చుట్టాలిల్లు లేదు, మొక్కు లేదు, హాజరు వేయించుకోవలసిన శుభకార్యం లేదు. రిటైర్మెంట్ సొమ్ములోంచి పెద్ద మొత్తమే ఖర్చవుతుంది. మళ్లీ వెళ్తామన్న ధీమా ఉండదు. మోకాళ్లు సహకరించే కాలమూ లెక్కలోదే. కాబట్టి ప్రయాణ పట్టిక తప్పితే నష్టం డబ్బుతో ఆగదు.

సాధారణంగా ఆ పట్టిక ఎవరు వేస్తారు? బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు వేసి వాట్సాప్‌లో పంపుతాడు. లేదా ట్రావెల్ ఏజెంటు బ్రోషర్ ఇస్తాడు. రెండింట్లోనూ 15 రాత్రులకు ఎనిమిది ఊళ్లు ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. అంత ఖర్చు పెట్టి వెళ్తున్నాం కదా, ఇంకో రెండు చూస్తే పోయేదేముంది అన్నది అందరి వాదన. పోయేదేమిటో లెక్క వేయవచ్చు. ఎనిమిది ఊళ్లంటే మధ్యలో ఏడు మార్పులు. పెట్టె సర్దడం, గది ఖాళీ చేయడం, స్టేషన్ చేరడం, ప్రయాణం, కొత్త హోటల్ వెతుక్కోవడం, గది ఇచ్చేదాకా లాబీలో కూర్చోవడం అన్నీ కలిపి ఒక్కో మార్పుకు ఐదు గంటలనుకున్నా 35 గంటలు. రోజుకు పది గంటలు తిరగగలరనుకుంటే మూడున్నర రోజులు పెట్టెలకే పోయినట్టు.

ఊళ్లకు బదులు రాత్రులు లెక్కపెడితే బొమ్మ మారుతుంది. ఒక ఊళ్లో రెండు రాత్రులుంటే చేతికి దొరికే పూర్తి రోజు ఒక్కటే. మూడు రాత్రులుంటే రెండు. అంటే ఒక్క రాత్రి పెంచితే చూసే సమయం రెట్టింపవుతుంది. పర్యాటక సంస్థల ప్రకటనల్లో కనిపించని ఈ చిన్న లెక్కే జంట ప్రయాణానికి పునాది.

ఆ లెక్కతో ఒక నమూనా వేసుకుందాం. రోమ్ నాలుగు రాత్రులు, ఫ్లోరెన్స్ మూడు, వెనిస్ ఒకటి, స్విట్జర్లాండ్‌లోని లూసెర్న్ మూడు, పారిస్ నాలుగు. మొత్తం 15 రాత్రులు, నాలుగే మార్పులు. దక్షిణం నుంచి ఉత్తరానికి ఒకే వరుసలో సాగుతుంది కాబట్టి విమానం కోసం మళ్లీ రోమ్‌కు వెనక్కి రానవసరం లేదు. రోమ్‌లో దిగి పారిస్‌లో ఎక్కేలా ఒకే టికెట్టు తీసుకోవచ్చు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కు వేగవంతమైన రైల్లో గంటన్నర, అక్కడి నుంచి వెనిస్‌కు రెండు గంటల పైచిలుకు. వెనిస్ నుంచి లూసెర్న్‌కు మిలాన్ మీదుగా వెళ్లే రోజు ఒక్కటే పొడవైనది. ఆ దారిలోనే 2016లో ప్రారంభమైన 57 కిలోమీటర్ల గొట్టార్డ్ సొరంగం వస్తుంది. ప్రపంచంలో అతి పొడవైన రైల్వే సొరంగం అదే. బిలాస్‌పూర్-కట్నీ మార్గంలో భన్వార్‌టంక్ సొరంగం దాటిన వాళ్లకు ఇదొక ముచ్చట. కాకపోతే సుమారు 20 నిమిషాలపాటు కిటికీలో కనిపించేది చీకటే.

పీసా వాలు గోపురం చూడాలనుకుంటే పెట్టె ఫ్లోరెన్స్ గదిలోనే ఉంచి గంట దూరం వెళ్లి సాయంత్రానికి వచ్చేయవచ్చు. పారిస్ నుంచి వెర్సాయ్ కూడా అంతే. గది ఒకటి, చూసే ఊళ్లు రెండు. వెనిస్ మాత్రం దీనికి మినహాయింపు. పగటిపూట వచ్చి పోయే జనం సందడి తగ్గాక సాయంత్రం, తెల్లవారుజామున ఆ ఊరు వేరుగా ఉంటుంది. 2024 నుంచి కొన్ని రోజుల్లో వసూలు చేస్తున్న ప్రవేశ రుసుము ఒక్క పూట కోసం వచ్చేవారికే. రాత్రి బస చేసేవారు హోటల్ బిల్లులో పర్యాటక పన్ను కడతారు కాబట్టి వారికి అది ఉండదు.

రాత్రుల లెక్క వీసా దగ్గర కూడా అక్కరకొస్తుంది. షెంగెన్ ప్రాంతంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. ఒకే వీసాతో అన్నీ తిరగవచ్చు. దరఖాస్తు మాత్రం ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికి చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. మన నమూనాలో ఇటలీలో ఎనిమిది రాత్రులు, ఫ్రాన్స్‌లో నాలుగు, స్విట్జర్లాండ్‌లో మూడు. కాబట్టి కాగితాలు వెళ్లేది ఇటలీకి. వీసా వచ్చాక ఫ్రాన్స్ ఎక్కువ, ఇటలీ తక్కువ అని పట్టిక తిరగరాయడం మంచిది కాదు. ఇక చివర్లో ఎవరో ఒకరు లండన్ కూడా కలుపుదామంటారు. పారిస్ నుంచి రైల్లో రెండుంబావు గంటలేనన్న మాట నిజమే. కానీ బ్రిటన్ షెంగెన్‌లో లేదు. దానికి వేరే వీసా, వేరే ఫీజు.

2024 జూన్ నుంచి పెద్దలకు షెంగెన్ వీసా ఫీజు 90 యూరోలు. జంటకు 180. కేంద్రం నడిపే సంస్థ సర్వీసు చార్జీ అదనం. దరఖాస్తు తిరస్కరిస్తే ఫీజు తిరిగి రాదు. కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులకు సరిపోయే ప్రయాణ బీమా తప్పనిసరి. పాస్‌పోర్టు గత పదేళ్లలోపు జారీ అయినదై, తిరుగు ప్రయాణం తర్వాత కనీసం మూడు నెలలు చెల్లేదిగా ఉండాలి. వేలిముద్రలు ఇవ్వడానికి ఇద్దరూ స్వయంగా వెళ్లాలి. ఏ నగరానికి వెళ్లాలన్నది ఆయా దేశాన్ని బట్టి ఉంటుంది. హౌరా-ముంబయి ప్రధాన మార్గంలో ఉండడం బిలాస్‌పూర్‌కు ఇక్కడ కలిసొస్తుంది. యూరప్ యాత్రలో తొలి రైలు ఒక రకంగా ఇక్కడే ఎక్కుతారు.

ఈ వ్యవహారంలో ఒక చిక్కుముడి ఉంది. వీసాకు పట్టిక చూపాలి. వీసా రాకుండా పట్టికలోని టికెట్లు కొంటే డబ్బు పోవచ్చు. ఆలస్యం చేస్తే చవక రైలు టికెట్లు అయిపోతాయి. ముడి విప్పే మార్గం క్రమం పాటించడమే. ముందు తేదీలు, రాత్రులు ఖాయం చేసుకోవాలి. తర్వాత రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే హోటళ్లు, విమాన రిజర్వేషన్ చూపి దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు తీసుకుంటారు. సాధారణంగా 15 రోజుల్లో నిర్ణయం వస్తుంది కానీ 45 రోజులు కూడా పట్టవచ్చు. అపాయింట్‌మెంట్ దొరకడానికి పట్టే రోజులు వేరు. తొందరగా కదిలితే వీసా చేతికొచ్చాక కూడా రైలు టికెట్లు చవగ్గా దొరికే వ్యవధి మిగులుతుంది.

పాస్ అనే మాట వినగానే రైల్వే కుటుంబానికి ప్రాణం లేచొస్తుంది. యూరప్ బయట ఉండేవారి కోసం యూరైల్ పాస్ ఉంది. 60 ఏళ్లు దాటినవారికి 10 శాతం రాయితీ. అయితే ఇటలీ, ఫ్రాన్స్ వేగవంతమైన రైళ్లలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు వేరే కట్టాలి. నాలుగే ప్రయాణాలున్న పట్టికకు ముందుగా కొన్న విడి టికెట్లే చాలాసార్లు చవక. ఊళ్లు పెరిగేకొద్దీ పాస్ అవసరం పెరుగుతుంది. కొన్నాం కదా అని ఊళ్లు పెంచడం మాత్రం తలకిందుల వ్యవహారం. హోటల్ ఖర్చు కలిసొస్తుందని రాత్రి రైలు ఎక్కే అలవాటునూ కొంచెం ఆలోచించి వాడాలి. అక్కడ బెర్తుకు ధర గట్టిగానే ఉంటుంది, మర్నాడు ఉదయం గది దొరకదు. కూలీలు ఉండరు కాబట్టి ఎవరి పెట్టె వారే రెండు మెట్లు ఎక్కించగలగాలి. మనిషికి ఒక్క మధ్యరకం పెట్టె చాలు.

స్విట్జర్లాండ్‌లో అందరూ పేరు చెప్పేది యుంగ్‌ఫ్రౌయోఖ్. 1912లో పూర్తయిన ఆ రైల్వే 3,454 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్తుంది. పూర్తి టికెట్టు మనిషికి 200 ఫ్రాంకుల పైమాటే. ఆ ఎత్తులో గాలి పలచన. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు డాక్టర్‌ను అడగకుండా వెళ్లరాదు. లూసెర్న్‌కు దగ్గర్లోనే రిగీ కొండ ఉంది. ఎత్తు 1,798 మీటర్లు. 1871లో యూరప్‌లో తొలి పళ్లపట్టాల కొండ రైలు నడిచింది దానిమీదే. సరస్సులో పడవ, పైన రైలు, రెండూ స్విస్ ట్రావెల్ పాస్‌లో కలిసి వస్తాయి. కొత్తవలస-కిరండూల్ మార్గంలో అరకు ఎక్కిన కళ్లకు ఆ పళ్లచక్రం పనితీరు చూడడం మంచులో ఫొటో దిగడం కన్నా తక్కువ ఆనందమేమీ కాదు. ఆమెకు మంచే కావాలంటే మాత్రం అదీ న్యాయమైన కోరికే. అప్పుడు పారిస్‌లో ఒక రాత్రి తగ్గించి ఇక్కడ కలపాలి.

తేదీలు వేసేటప్పుడు సెలవులు చూడాలి. లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం, ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీకి సోమవారం సెలవు. వాటికన్ మ్యూజియాలు నెలలో చివరిది తప్ప ఆదివారాలు మూసే ఉంటాయి. బిలాస్‌పూర్ ఎండలు చూసినవాళ్లకు యూరప్ వేసవి ఒక లెక్కా అనుకోవద్దు. అక్కడ చాలా పాత హోటళ్లలో ఏసీ కాదు కదా, ఫ్యాను కూడా ఉండదు. ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారం దాకా, మళ్లీ సెప్టెంబరు మనవాళ్లకు అనువు.

తిండి సంగతికొస్తే ఆవకాయ సీసా గట్టిగా మూత పెట్టి పెద్ద పెట్టెలో వేసుకోవచ్చు. నెయ్యి, పాలకోవా వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం వెంట తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. చిన్న వంటగది ఉన్న గది ఒక్క ఊళ్లోనైనా తీసుకుంటే పెరుగన్నం బెంగ తీరుతుంది.

ఇంత తలనొప్పి ఎందుకు, గ్రూపుతో వెళ్తే పోదా అనేవారూ ఉంటారు. భాష, భోజనం, సామాను, ఆరోగ్యం గురించి భయమున్నవారికి ప్యాకేజీ చెడ్డదేమీ కాదు. అయితే అక్కడ కూడా బ్రోషర్‌లో దేశాల సంఖ్య వదిలేసి రాత్రుల వరుస చదవాలి. ఒకే హోటల్‌లో వరుసగా మూడు రాత్రులు ఎన్నిచోట్ల ఉన్నాయో, బస్సులో గడిచే గంటలెన్నో అడగాలి. ప్యాకేజీ మీద వసూలు చేసే టీసీఎస్‌ను ఆదాయపన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఆఖరి పని, పట్టికలో ప్రతి ఊళ్లోనూ ఒక మధ్యాహ్నం ఏమీ రాయకుండా వదిలేయడం. నలభై ఏళ్లు కంట్రోల్ రూము చెప్పినట్టు నడిచిన మనిషికి ఇది కష్టమే. ఆ ఖాళీ గడి ఆమెది. ఫ్లోరెన్స్‌లో నది ఒడ్డున కూర్చుని "ఏమండీ, మ్యూజియం రేపు చూద్దాం, ఇవాళ ఇక్కడే ఉందామా?" అని ఆమె అడిగితే, తర్వాతి బండి ఎన్ని గంటలకో చూడకుండా సరేననగలిగేలా పట్టిక వేయాలి.