తొందర ఎవరిది? నష్టం ఎవరికి?

మదరసాలో పాఠాలు చెప్పుకొనే మేము మంచు మీద ఆడే హాకీని గురించి రాయడం పాఠకులకు వింతగా తోచవచ్చు. కారణం ఉంది. మా మేనల్లుడి కుటుంబం కెనడాలోని కాల్గరీ నగరంలో స్థిరపడింది. అతని పదిహేనేళ్ళ కుమారుణ్ణి ఒక జూనియర్ జట్టు రమ్మని పిలిచింది. వెళితే కన్నవారిని విడిచి, వేరే ఊరిలో, జట్టు చూపిన కుటుంబం ఇంట ఉంటూ ఆడాలి. "మామూ, ఇన్నేళ్ళుగా పిల్లలకు చదువు చెబుతున్నారు కదా, ఏం చేయమంటారు?" అని మేనల్లుడు అడిగాడు. ఆట మాకు తెలియదు. పిల్లవాణ్ణి తీర్చిదిద్దే పని కొంత తెలుసు. అందుచేత వెంటనే జవాబు చెప్పక, అక్కడి జట్లు తమ చేతికి వచ్చిన యువకులను ఏం చేశాయో విచారించాము.

నేషనల్ హాకీ లీగ్‌లో 32 జట్లు ఉన్నాయి. ఏటా అవి ప్రధానంగా పద్దెనిమిదేళ్ళ వయసు కుర్రవాళ్ళను ఏడు విడతలుగా ఎంచుకుంటాయి. దానిని డ్రాఫ్ట్ అంటారు. అట్టడుగున నిలిచిన జట్లకే ముందుగా ఎంచుకునే అవకాశం ఎక్కువ. చూడడానికి ఇది న్యాయమే. అయితే దీనివల్ల అందరికంటె ప్రతిభావంతుడైన పిల్లవాడు తరచుగా ఓటములతో కుంగి, రక్షకుని కోసం ఎదురుచూసే జట్టు చేతిలో పడతాడు. ఓర్పు అత్యవసరమైన చోటనే ఓర్పు కరవవుతుంది. మరొక చిక్కు కూడా ఉంది. కెనడా జూనియర్ లీగుల నుంచి ఎంపికైనవాణ్ణి ఇరవై ఏళ్ళలోపు రెండో శ్రేణి అయిన అమెరికన్ హాకీ లీగ్‌కు పంపరాదన్న నిబంధన చాలాకాలం నడిచింది. జూనియర్ ఆటను మించిపోయినా పెద్ద ఆటకు ఇంకా చాలని కుర్రవానికి సరిపడే తరగతే లేకపోయిందన్నమాట.

ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టుకు 2010, 2011, 2012లలో వరుసగా మూడుసార్లు మొదటి ఎంపిక దక్కింది. మూడోవాడు నయిల్ యాకుపోవ్. రష్యాలోని తాతర్‌స్తాన్‌కు చెందిన తాతర్ ముస్లిం. నాయిల్ అంటే అరబ్బీలో పొందినవాడు అని అర్థం. పంతొమ్మిదేళ్ళ వయసులో, వివాదం వల్ల 48 ఆటలకు కుదించిన తొలి సీజన్‌లోనే అతడు 17 గోల్స్ చేశాడు. ఆ తర్వాత శిక్షకుడు మారాడు. మరుసటి సీజన్‌లో గోల్స్ 11కు పడిపోయాయి. ఎడ్మంటన్‌లో ఆడిన నాలుగు సీజన్లలో అతడు కనీసం నలుగురు శిక్షకులను చూశాడు. ఒకరు మెచ్చిన దూకుడు మరొకరికి దోషమైంది. రక్షణ ఆటలో అతడు బలహీనుడన్న విమర్శ నిజమే కావచ్చు. కాని పాఠం ముగియకముందే ఉపాధ్యాయుడు మారిపోతుంటే శిష్యుడు ఏ పాఠాన్ని పూర్తిగా నేర్వగలడు? 2016లో అతణ్ణి వేరే జట్టుకు ఇచ్చివేశారు. 2018 నాటికి, పాతికేళ్ళు నిండకముందే, అతడు స్వదేశం చేరుకున్నాడు.

అదే ఎడ్మంటన్ 2014లో జర్మనీ యువకుడు లియాన్ డ్రైసైటిల్‌ను మూడో ఎంపికగా తీసుకుంది. అతణ్ణీ వెంటనే పెద్ద లీగులో దింపింది. 37 ఆటల్లో అతడు చేసినవి 2 గోల్స్ మాత్రమే. అయితే ఈసారి జట్టు సీజన్ మధ్యలోనే అతణ్ణి జూనియర్ లీగుకు తిప్పి పంపింది. అది శిక్షగా కనిపించినా నిజానికి కానుక. అక్కడ అతడు మళ్ళీ గెలవడం నేర్చుకున్నాడు. 2019-20లో 110 పాయింట్లతో లీగు మొత్తానికే అగ్రస్థానం పొంది, అత్యంత విలువైన ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ అందుకున్నాడు. ఒక మెట్టు దిగడం అవమానం కాదని గ్రహించిన చోట పిల్లవాడు నిలబడ్డాడు.

డెట్రాయిట్ జట్టు పద్ధతి వేరు. 1998లో 171వ ఎంపికగా పావెల్ దత్స్యూక్‌ను, 1999లో 210వ ఎంపికగా హెన్రిక్ జెటర్‌బర్గ్‌ను తీసుకుని, వారిని స్వదేశాల్లోనే మరికొన్నేళ్ళు ఎదగనిచ్చింది. ఒకరు 2001లో, మరొకరు 2002లో వచ్చారు. 2008లో స్టాన్లీ కప్పు గెలిచిన జట్టుకు ఆ ఇద్దరే మూలస్తంభాలు. ఒక మాట ఒప్పుకోవాలి: అప్పటికే బలంగా ఉన్న జట్టుకు ఓపిక పట్టడం తేలిక; 210వవానిపై ఎవరి కళ్ళూ ఉండవు. ఓర్పు గుణమే కాదు, వెసులుబాటు కూడా.

లెబనాన్ మూలాలున్న కెనడా ముస్లిం నాజిం కద్రి కథ మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. టొరాంటో జట్టు 2009లో అతణ్ణి ఏడో ఎంపికగా తీసుకుని, కొన్నేళ్ళు కింది జట్టుకూ పై జట్టుకూ మధ్య తిప్పింది. 2012లో కింది జట్టు శిక్షకుడు అతని ఒంటి కొవ్వు గురించి విలేకరుల ఎదుటే ఆక్షేపించాడు. ఆ సీజన్‌లోనే కద్రి పెద్ద లీగులో 48 ఆటల్లో 44 పాయింట్లు సాధించాడు. 2022లో కొలరాడో జట్టుతో స్టాన్లీ కప్పు గెలిచి, దానిని తన ఊరు లండన్, ఒంటారియోలోని మస్జిదుకు తీసుకువెళ్ళాడు. ఫలితం మంచిదైంది గనుక ఆ బహిరంగ అవమానం కూడా మంచిదేనని వాదించేవారు ఉంటారు. బెత్తం గురించి మన పాఠశాలల్లోనూ ఇదే వాదన వింటాము. దెబ్బ తిని నిలిచినవాడు కళ్ళకు కనబడతాడు. విరిగిపోయినవాడు సాక్ష్యం చెప్పడానికి రాడు.

మేనల్లునికి వెళ్ళమనీ, వద్దనీ మేము చెప్పలేదు. జట్టువారిని నాలుగు ప్రశ్నలు అడగమన్నాము. గత ఐదేళ్ళలో ఎందరు శిక్షకులు మారారు? పిల్లవాడు తడబడితే ఎక్కడికి పంపుతారు? అతని తప్పును ఏకాంతంలో చెబుతారా, నలుగురిలోనా? ఆట నిలిచిపోతే చదువు ఎవరి బాధ్యత? ఐదో ప్రశ్న తండ్రి తనను తాను వేసుకోవలసినది: ఈ తొందర బిడ్డదా, నాదా?

ప్రియ పాఠకులారా! ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అంటూ బిడ్డను హాస్టల్లో చేర్చేటప్పుడు మనమూ ఈ ప్రశ్నలు అడగాలి. ఆ హాకీ జట్లకు ఒక కుర్రవాడు విఫలమైతే మరుసటి వేసవిలో మరొకడు దొరుకుతాడు. తల్లిదండ్రులకు ఆ డ్రాఫ్ట్ లేదు.