దొరకని నెల

మా ఇంట్లో ‘మాయాసరోవరం’ పుస్తకాలు రెండున్నాయి. ఒకటి మా అమ్మ చిన్నప్పుడు చందమామల్లోంచి పేజీలు జాగ్రత్తగా ఊడదీసి, నెలల వరసన పేర్చి, తెనాలిలో బైండు చేయించుకున్నది. రెండోది మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు నేను విజయవాడలో కొన్నది. రెండోదానిలో కథంతా ఉంది. మొదటిదానిలో ఒక నెల లేదు. నేను రాయబోయేది ఆ లేని నెల గురించే గాని, దానికి ముందు కొంత ఉపోద్ఘాతం తప్పదు. ఉపోద్ఘాతం లేకుండా మనలో ఎవరం మాత్రం నోరు విప్పగలం?

షార్జాలో 1982 నుంచి పుస్తక ప్రదర్శన జరుగుతున్న సంగతి మీకు తెలిసిందే. కిందటి నవంబరులో మా అమ్మాయిని అక్కడికి తీసుకువెళ్ళాను. దానికి పదకొండేళ్ళు. అరగంట తిరిగి తిరిగి ఒక పుస్తకం గుండెకు హత్తుకుని వచ్చింది. పేరు ‘ఆరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్’. రోషనీ చోక్షి అనే ఆవిడ రాసినది, 2018లో అమెరికాలో వచ్చింది. అట్లాంటాలో ఉండే పన్నెండేళ్ళ పిల్ల, వాళ్ళమ్మ పనిచేసే మ్యూజియంలో ముట్టుకోవద్దన్న దీపం ముట్టించేస్తుంది. దాంతో ఎన్నాళ్ళనుంచో నిద్రలో ఉన్న ఒక అసురుడు లేస్తాడు. ఆ పిల్లేమో పాండవుల్లో ఒకరి ఆత్మతో పుట్టినది! నేను ముందు మొహం చిట్లించాను. తరవాత ఒక రాత్రి డ్యూటీలో, కేసులేవీ లేని వేళ, అరవై పేజీలు చదివాను. హుషారుగానే ఉంది. కాకపోతే మన భారతాన్ని మనకే కొత్తగా పరిచయం చేస్తున్నట్టు, ఊరికి వచ్చిన టూరిస్టుకి గైడు గుడి చూపిస్తున్నట్టు ఉంటుంది. అది రచయిత్రి తప్పు కాదు. ఆవిడ పాఠకులు అటువంటివారు. మన పిల్లలూ అటువంటివారే అవుతున్నారు.

మూడు రోజుల్లో పుస్తకం ముగించి మా అమ్మాయి అడిగింది: “నాన్నా, తెలుగులో ఇలాంటివి ఉన్నాయా?”

“ఉన్నాయా అంటావేమిటి!” అని బీరువా మీది పెట్టె దించాను.

నలభై దాటినవారికి చెప్పనక్కరలేదు గాని, మిగిలినవారి కోసం నాలుగు మాటలు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో చందమామ మొదలుపెట్టారు. అందులో 1954లో ‘తోకచుక్క’ అనే సీరియల్ వచ్చింది. సమరసేనుడనే సేనానాయకుడు, చతుర్నేత్రుడు, ఏకాక్షి అనే మాంత్రికులు. అక్కణ్ణించి పాతికేళ్ళపాటు వరసగా ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’ వంటివి వచ్చాయి. వీటిని రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు, గుంటూరు జిల్లా మనిషి. బొమ్మలు చిత్రా గారివి. చిత్రం ఏమిటంటే, ఏళ్ళ తరబడి లక్షలమంది పిల్లలు చదివిన ఆ కథల మీద రాసినవారి పేరు ఉండేది కాదు. మా అమ్మ బైండు పుస్తకంలోనూ లేదు. మాంత్రికులు, భూతాలు, యక్షులు పేజీకి పదిమంది చొప్పున కనిపించే ఆ కథలు రాసిన మనిషికి దేవుడంటే నమ్మకం లేదని ఆయన్ని ఎరిగినవారు రాశారు. కథల్లోనూ ఆ లక్షణం కనిపిస్తుంది. కష్టం వచ్చినప్పుడు పైనుంచి దేవుడు దిగిరాడు. ఖడ్గవర్మ, జీవదత్తుడు తమ కత్తీ తెలివీ నమ్ముకుని బయటపడాల్సిందే. రాజ్యాలన్నీ కల్పితమే అయినా, అడవి దారులు, గూడేలు, కోటలు చూస్తే పాతకాలపు మన దేశం ఏదో లీలగా తెలుస్తూనే ఉంటుంది.

ఒకరోజు ఆస్పత్రి క్యాంటీనులో ఈ మాటలు వచ్చాయి. మా మరాఠీ మత్తు డాక్టరు గారు ‘చాందోబా’ అన్నారు. ఫార్మసీలో ఉండే కేరళ ఆయన ‘అంబిలి అమ్మావన్’ అన్నాడు. ఇద్దరూ చిన్నప్పుడు వాళ్ళ వాళ్ళ భాషల్లో అవే బొమ్మలు చూసినవారే. నేను ఉత్సాహం కొద్దీ ‘ముగ్గురు మాంత్రికులు’ మొదలు చెప్పాను. పింగళుడనే జాలరి, చెరువు గట్టున కలిసిన మాంత్రికుడు, నా కాళ్ళూ చేతులూ కట్టి నీళ్ళలోకి తొయ్యమనడం. అంతవరకు మౌనంగా టీ తాగుతున్న ఈజిప్టు డాక్టరు గారు కప్పు కింద పెట్టి, “ఆగండి, చేతులు ముందు పైకి వస్తే వల వెయ్యాలి, కాళ్ళు వస్తే వాడు చచ్చినట్టు. అంతేగా?” అన్నారు. అది వెయ్యిన్నొక్క రాత్రుల్లోని జూదర్ కథట. కైరోలో వాళ్ళ నాయనమ్మ చెప్పేదట. మన తెలుగు కథ అని గర్వంగా ఎత్తుకున్న నా మొహం కాస్త చిన్నబోయింది గాని, కాసేపటికి సంతోషమే కలిగింది. జూదర్ మన ఊరొచ్చి పింగళుడై, తెలుగు మాట్లాడి, మళ్ళీ నా సామానులో ఈ ఎడారి దేశానికే వచ్చాడన్నమాట. ఇక్కడి సముద్రానికీ ‘బూ దర్యా’ అని ఒక భూతం ఉంది. ముత్యాల పడవల రోజుల్లో రాత్రిళ్ళు నీళ్ళలోంచి పిలిచేదట. ఇంతకీ మా సరోవరం దగ్గరికి వద్దాం.

‘మాయాసరోవరం’ 1976 నుంచి 1978 దాకా వచ్చింది. దాసరి వారు చందమామకు రాసిన ఆ వరస సీరియళ్ళలో ఒకటి. రాజుగారి పిల్లలు కాంచనమాల, కాంచనవర్మ మాయమైతే, జయశీలుడు, సిద్ధసాధకుడు వెతుకుతూ పోతారు. మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కనక రోజూ పడుకునే ముందు నేను చదివి వినిపించాలి. మొదటి వారం సిద్ధసాధకుడి మాటలకు పడీ పడీ నవ్వింది. రెండో వారం ఒక రాత్రి నన్ను ఆపి, “ఆ కాంచనమాల ఏం చేస్తోంది?” అంది.

“చెరలో ఉంది.”

“అది తెలుసు. అక్కడ కూర్చుని ఏం చేస్తోంది?”

నా దగ్గర సమాధానం లేదు. ఆ కథల్లో రాకుమార్తెలు సాధారణంగా చేసే పని ఎవరో వచ్చి విడిపించేదాకా ఉండటమే. ఆ కాలం అది, ఆ పత్రిక అది అని ఏదో నసిగాను. “ఆరూ అయితే ఊరుకోదు” అని అటు తిరిగి పడుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. నలభై ఏళ్ళకు పైగా మా ఇంట్లో దాచుకున్న పుస్తకాన్ని ఒక్క వాక్యంలో పక్కన పడేస్తే రాదూ మరి? అది అడిగిన ప్రశ్న సరైనదని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

మూడో రోజు మేము ఆ లేని నెల దగ్గరికి వచ్చాం. అక్కడ నాకు భయం లేదు. ఎందుకంటే ఆ నెల కథ నాకు కంఠతా వచ్చు. మా చిన్నతనంలో, తొంభైలలో, కరెంటు పోయిన రాత్రుళ్ళు డాబా మీద అమ్మ ఈ సీరియల్ నాకూ చెల్లికీ చెప్పేది. ఆ నెలలో కాంచనమాలకు కాపలా ఉన్న మొసలిముఖం వాడికి పంటినొప్పి వస్తుంది. దవడ వాచి విలవిల్లాడుతుంటాడు. కాంచనమాల “నేను తగ్గిస్తాను, నోరు తెరువు” అని లవంగం నూరి పెట్టి, గాలి తగలకూడదని వాడి నోటిని తన ఓణీతో గట్టిగా కట్టేస్తుంది. నోరు కట్టేశాక వాడు అరవలేడు, కరవలేడు. మొలలో తాళాలు తీసుకుని తలుపు దాటి గట్టుదాకా వచ్చేస్తుంది. గట్టు మీద నిలబడ్డాక తమ్ముడు లోపలే ఉన్నాడని గుర్తొచ్చి వెనక్కి వెళ్ళిపోతుంది.

మా అమ్మాయి మంచం మీద లేచి కూర్చుంది. లవంగం ఎందుకు పని చేస్తుందని అడిగితే యూజినాల్ సంగతి కూడా చెప్పాను. మర్నాడు దానికి చూపిద్దామని కొత్త పుస్తకం తీసి ఆ భాగం వెతికాను. పంటినొప్పి లేదు. ఓణీ లేదు. ముందు వెనకలు తిరగేశాను. పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు.

శనివారం తెనాలికి వీడియో కాల్ చేసి, “అమ్మా, మొసలి పంటినొప్పి అచ్చు పుస్తకంలో లేదేమిటి?” అన్నాను.

“లేదూ?” అంది అమ్మ, బీరకాయ తొక్కు తీస్తూనే. “ఉంటుందో లేదో నాకేం తెలుసురా. ఆ నెల పుస్తకం నేను చదివితే గదా! మీ మామయ్య వాడి స్నేహితుడెవడికో ఇచ్చొచ్చాడు. మళ్ళీ రాలేదు. మీరేమో తరవాత ఏమైంది అని ప్రాణం తీసేవాళ్ళు. ఏదో ఒకటి చెప్పాలి గదా.”

ముప్పై ఏళ్ళుగా అది చందమామ కథే అనుకున్నాను. మెడికల్ కాలేజీ హాస్టల్లో మిత్రులకు కూడా చెప్పాను. ఎవరూ అనుమానించలేదు.

ఇంతలో మా అమ్మాయి ఫోను లాక్కుంది. “నానమ్మా, తాళాలు దొరికాయిగా. గట్టు మీదకి కూడా వచ్చేసిందిగా. మళ్ళీ వెనక్కి ఎందుకు వెళ్ళింది?”

“వెళ్ళకపోతే తరవాతి నెల కుదరదు గదే బంగారం. అక్కడ ఆ పిల్ల ఇంకా చెరలోనే ఉందని రాసి ఉంది.”

అమ్మ నవ్వుతూనే అంది. మామయ్యను కాకినాడలో ఇంజనీరింగులో చేర్పించిన ఏడు ఇంట్లో డబ్బు చాలక అమ్మ చదువు ఇంటర్‌తో ఆపేశారు. ఆ మాట అమ్మ ఎన్నడూ ఫిర్యాదుగా చెప్పలేదు. మామయ్య ఫీజు రసీదులు కూడా ఆవిడే భద్రంగా దాచేది. ఆ పంటినొప్పి కథ ఎన్నిసార్లు చెప్పినా, గట్టు దగ్గరికి వచ్చేసరికి కాస్త ఆగేది. మేము నిద్రపోయామేమో చూస్తోందనుకునేవాణ్ణి.

ఫోను పెట్టేశాక మా అమ్మాయి బైండు పుస్తకం తీసుకుని, ఆ నెల ఉండాల్సిన చోటు తెరిచి చాలాసేపు చూసింది. చివరికి, “తరవాతి నెల కూడా మార్చేస్తే?” అంది.

“అది చందమామది. మార్చకూడదు.”

“నానమ్మ మార్చిందిగా.”

ఆ వారం నాకు వరసగా రాత్రి డ్యూటీలు పడ్డాయి. ఒకరోజు తెల్లవారి ఇంటికి వచ్చేసరికి భోజనాల బల్ల మీద నాలుగు గీతల కాపీ పుస్తకం, పక్కన అక్షరాల పటం ఉన్నాయి. పుస్తకంలో పెన్సిలుతో కాంచనమాల అని పెద్ద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. ‘ఞ’ పెట్టాలో సున్న పెట్టాలో తేలక రెండూ రాసి ఒకటి కొట్టేసింది. కింద ఒకటిన్నర వాక్యం. రెండో వాక్యం ‘తమ్ముడి చెయ్యి పట్టుకుని’ దగ్గర ఆగిపోయింది. నేను బూట్లు విప్పుతుంటే నిద్ర కళ్ళతో గదిలోంచి వచ్చి, “నాన్నా, ‘గట్టు’కి ట వత్తు ఎలా వెయ్యాలి?” అని అడిగింది.