బస్సంతటికీ ఒక్క డ్రైవరే గదరా!

రండబ్బా, గోడ అవతల నిలబడి తొంగిచూడటమెందుకు? లోపలికే రండి. మా ఇంట్లోకి కొత్త కంప్యూటర్ వచ్చింది.

మా అన్న కొడుకు సికింద్రాబాద్ పోయి, చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగి, విడి సామాను ఏరుకొచ్చాడు. రాత్రి తొమ్మిదికి మన్ననూరు దగ్గర అడవి గేటు మూసేస్తారు గదా, అందుకని మధ్యాహ్నం బస్సే పట్టాడు. శ్రీశైలం ఘాట్ మలుపులన్నీ మదర్‌బోర్డు పెట్టె ఒళ్లో పెట్టుకునే దిగాడట. పసిబిడ్డనైనా అంత జాగ్రత్తగా తెస్తారా?

బిగించాం. విండోస్ ఎక్కించాం. ఇక డ్రైవర్లు వేయాలి అన్నాడు వాడు. మంచం మీంచి అవ్వ అందుకుంది: "బస్సంతటికీ ఒక్క డ్రైవరే గదరా! ఈ డబ్బాకు ఇంతమందెందుకు?"

ఎంత మంచి ప్రశ్న! చూడండి, బోర్డు మీద సౌండు చిప్పు ఒకటి, నెట్టు చిప్పు ఒకటి, ఇంకా బోలెడు. దేని భాష దానిదే. విండోస్‌కు కొన్ని వచ్చు, కొన్ని రావు. రానిచోట మధ్యన నిలబడి మాట అందించేవాడే డ్రైవరు.

ఏవి వేయాలో ముందే రాసుకోవాలి. నేనైతే పలక మీదే రాస్తాను. పలకల మార్కాపురం పక్కన ఉండి కాగితం వెతుక్కుంటామా? బలపంతో మొదట బోర్డు మోడల్ పేరు, దాని కింద, బోర్డు మూలన సన్నగా అచ్చయిన రివిజన్ అంకె. ఆ అంకె వదిలేశారో, చిక్కే! ఒకే పేరున్న బోర్డులో ఒక రివిజన్‌కు ఒక నెట్టు చిప్పు, ఇంకోదానికి ఇంకోటి ఉండొచ్చు.

మొదటి పేరు ఎవరిది? చిప్‌సెట్ అంటారు చాలామంది. నేనొప్పుకోను. ల్యాన్, వైఫై ముందు! నెట్టు లేకపోతే మిగతావి ఎట్టా దిగుతాయి? పైగా విండోస్ 11 హోమ్ ఆరంభంలోనే నెట్టు అడుగుతుంది, ఇవ్వకపోతే అక్కడే కూర్చుంటుంది. అందుకే ఆ రెండూ ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. మరిచిపోయారా? ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ నొక్కండి, చాలాసార్లు గట్టెక్కిస్తుంది. బోర్డుతో పాటు సీడీ వచ్చే రోజులు పోయాయి లెండి. వచ్చిన పాతవన్నీ మా సజ్జ చేలో దారాలకు వేలాడి, ఎండకు తళతళమంటూ పిట్టల్ని తోలాయి.

తర్వాత చిప్‌సెట్. ఇక్కడే ఉంది నాకిష్టమైన ముచ్చట. ఇంటెల్ బోర్డయితే డివైస్ మేనేజర్ తెరిచి, చిప్‌సెట్ భాగాల్లో ఒకదాని డ్రైవర్ తేదీ చూడండి. 1968 జూలై 18 అని కనిపిస్తే అదిరిపడకండి! అది ఇంటెల్ కంపెనీ పుట్టినరోజు. ఆ ప్యాకేజీ చేసేది చాలావరకు ఏ చిప్పు పేరేమిటో విండోస్‌కు చెప్పడమే. పాత తేదీ వేస్తే, అసలు పనిచేసే డ్రైవరు ఏదైనా ఉంటే దాన్ని నెట్టేయకుండా వెనక నిలబడుతుంది. ఎంత మర్యాదో చూశారా! ఆ తేదీకి ప్రకాశం జిల్లాయే లేదు. మార్కాపురం, గిద్దలూరు అప్పటికి కర్నూలు జిల్లాలో ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 2న గదా ఒంగోలు జిల్లా అని మొదలై, 1972లో ప్రకాశం అయింది! జిల్లా కంటే పాత తేదీ మోసుకుని మా ఇంట్లోకి వచ్చిందా డ్రైవరు. నాకైతే దండం పెట్టాలనిపించింది.

గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రం బోర్డు కంపెనీ దగ్గర వద్దు. చిప్పు చేసినవాళ్ల దగ్గరే తీసుకోండి, కొత్తది దొరుకుతుంది. ఆడియో మాత్రం బోర్డువాళ్లదే నయం. ముందువైపు ఇయర్‌ఫోన్ రంధ్రాల లెక్క వాళ్లకే బాగా తెలుస్తుంది.

మిగతావా? రంగు దీపాలు వెలిగించేది, వేగం పెంచుతానని ఊరించేది, మూణ్ణెల్ల ఉచిత యాంటీవైరస్... పలక మీదికే రానివ్వను. రెయిడ్ డ్రైవరూ అంతే, డిస్కులు జతకట్టి వాడేవాళ్లకే అది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు లేకపోతే, అన్నీ బాగా పనిచేస్తుంటే, ఇంకెందుకు కెలకడం?

బయాస్ అప్‌డేట్ సంగతి అడిగారా? మా వాడూ అడిగాడు. యూపీఎస్ ఉందా అన్నాను. లేదు. అయితే ముట్టుకోకు! మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవనే లేవకపోవచ్చు. ఒళ్లో పెట్టుకుని తెచ్చిన బోర్డబ్బా అది!

ఒక్కోటి అయ్యేకొద్దీ వాడు పలక మీద తడి గుడ్డతో ఒక్కో పేరూ తుడిచాడు. ల్యాన్ పోయింది. చిప్‌సెట్ పోయింది. గ్రాఫిక్స్ దిగగానే అక్షరాలు ముత్యాల్లా తేలాయి. చివరికి ఆడియో. స్పీకర్ టింగుమంది.

"తలుపు చూడరా, ఎవరో వచ్చారు" అంది అవ్వ.