గోదారి మీద అడవిని చూసొద్దామా?

ఆఫ్రికాలో దక్షిణాన బోట్స్వానా అనే దేశంలో చోబే అని ఒక నది ఉంది. అక్కడ పడవలో కూర్చునే ఏనుగుల్ని, నీటిగుర్రాల్ని చూడొచ్చు. టీవీలో అది చూసి మా పిల్లలు మనమూ పోదామన్నారు. విమానం చార్జీల మాట వినగానే మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు! సరే, మన రఘునాథపల్లి వాళ్లకు ఒక్క రాత్రి ప్రయాణంలో పాపికొండలున్నాయి కదా. 2008లో జాతీయ పార్కు అయిన అడవి అది. గోదావరి ఆ కొండల మధ్య సన్నబడి పారుతుంది.

అయితే ఎప్పుడు పోవాలన్నదే అసలు సంగతి. చోబేకు జనం వానల్లేని నెలల్లో ఎక్కువగా పోతారు. అడవి లోపల గుంటలు ఎండిపోయి ఏనుగులు నీళ్లకు నది ఒడ్డుకు వస్తాయి కాబట్టి. మనకేమో దసరా, బతుకమ్మ సెలవులు సరిగ్గా గోదారి నిండుగా ఉండే రోజుల్లోనే వస్తాయి. 2019 సెప్టెంబరు 15న వరద గోదారిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది గుర్తుందా? కాజీపేట పక్కనున్న కడిపికొండ నుంచి 14 మంది వెళితే ఐదుగురే ఇల్లు చేరారు. ఆ పడవను అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయారు. అందుకే మా అత్తమ్మ పాపికొండలంటేనే వద్దంటుంది. ఆమె భయం వట్టిదని నేననను. కాకపోతే సంక్రాంతి సెలవులున్నాయి కదా, అప్పటికి నది నెమ్మదిస్తుంది.

ప్రమాదం తర్వాత పడవల్ని చాలాకాలం ఆపేసి, రేవుల దగ్గర కంట్రోలు రూములు పెట్టారు. అయినా ఎక్కేముందు మీరూ అడగండి. ఈ రోజు అనుమతి ఉందా, ఎంతమందిని ఎక్కించాలి, ఎంతమందిని ఎక్కిస్తున్నారు, పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా? మగవాళ్లు మొహమాటపడితే మనమే అడగాలి. ఉక్కగా ఉందని లైఫ్ జాకెట్ తీసి ఒళ్లో పెట్టుకుంటారు కొందరు. అది ఒంటి మీద, తాళ్లు కట్టి ఉంటేనే పనికొస్తుంది. చీర కంటే పంజాబీ డ్రస్సు హాయి.

కాజీపేట పోయి రాత్రి మణుగూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. భద్రాచలం రోడ్ అని స్టేషను పేరు చూసి ఊరొచ్చేసిందనుకునేరు, అది కొత్తగూడెం! భద్రాచలం ఇంకా 40 కిలోమీటర్లు. రాములవారి దర్శనం చేసుకుని, అక్కణ్ణుంచి బండి మాట్లాడుకుని పోచవరం రేవుకు పోవాలి. పడవలో భోజనం పెడతారు గాని, పిల్లలకు సర్వపిండి చేసి పట్టుకెళ్లండి, మరునాటికీ పాడవదు.

ఏనుగులుండవని పిల్లలకు ముందే చెప్పండి. పులి, చిరుత, అడవిదున్న ఉన్న అడవే, కాని పడవలో పోయేవాళ్లకు కనబడతాయని ఆశ పెట్టుకోవద్దు. కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు మాత్రం చూడొచ్చు, అదీ మైకులో సినిమా పాటలు ఆపితే. అడవిలోకి పోయి డాన్సు పాటలేమిటో నాకు తెలియదు!

పేరంటాలపల్లిలో దిగినప్పుడు శివాలయం చూడండి. కొండరెడ్లు వెదురుతో చేసిన బొమ్మలు, బుట్టలు అమ్ముతారు. దయచేసి బేరమాడకండి. ఈ ఒడ్డు ఊళ్లు చాలామటుకు పోలవరం ముంపులోకి వచ్చేవే.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతికి పోవాలంటే నవంబరులోనే తేదీ చూసి పెట్టుకోండి.