చివరి యూనిట్ ఖరీదు

హైదరాబాద్‌లో నెలకు సరిగ్గా 200 యూనిట్లు వాడిన ఇంటికి కరెంటు ధర 820 రూపాయలు. 201 వాడిన ఇంటికి 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఎక్కువైనందుకు 207 రూపాయల పైచిలుకు. స్థిర ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం ఇంకా కలపలేదు. వంద లోపు వాడే ఇంటికి విడిగా తక్కువ ధరలు ఉన్నాయి. వంద దాటి 200 దాటని ఇంటికి మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80. 200 దాటిన మరుక్షణం ఆ రెండు ధరలూ పోయి మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9, 800 దాకా 9.50, తరువాత 10. నేను ఇంటి లెక్కలు వేసుకున్నది ఈ ధరల మీదే. తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతి పొందే ఇళ్లకైతే ఈ గీత మరీ కఠినం. 200 లోపు సున్నా బిల్లు, దాటిన నెల మొత్తం కట్టాలి.

మా మేడ మీద ప్యానెళ్లు చూసినవాళ్లు ఆగి అడిగే మొదటి ప్రశ్న, "సోలార్ పెడితే నెలకు ఎంత మిగులుతుందండీ?" అని. "మీ చివరి యూనిట్ మీకెంతకు పడుతోంది?" అని నేను తిరిగి అడుగుతాను. ఎందుకంటే ప్యానెల్ మీద తయారైన యూనిట్‌కు విడిగా ఒక ధర లేదు. అది మన బిల్లులో ఏ యూనిట్‌ను తప్పిస్తుందో దాని ధరే దాని విలువ. బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి "నాకు సగటున ఏడు రూపాయలు పడుతోంది" అని లెక్కేస్తే తప్పుదారి పడతాం. తగ్గేవి సగటు యూనిట్లు కావు, పై శ్లాబులో ఉన్న ఖరీదైన యూనిట్లు. అందుకే ఎవరు సలహా అడిగినా ముందు పన్నెండు నెలల బిల్లులు తీసుకుని కూర్చోమంటాను. ఒక్క మే నెల బిల్లు చూసి భయపడి కొనకూడదు, ఒక్క డిసెంబర్ బిల్లు చూసి ధీమాగా ఊరుకోనూ కూడదు.

మా ఇంట్లో మొదట డబ్బు పెట్టింది ప్యానెళ్ల మీద కాదు, ఫ్యాన్ల మీద. పాత సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు తాగుతుంది. బీఎల్‌డీసీ మోటారు ఉన్న ఫ్యాన్‌కు 30 వాట్లు చాలు. నాలుగు ఫ్యాన్లు రోజుకు పదిహేను గంటలు తిరిగే ఇంట్లో ఈ తేడా నెలకు 80 యూనిట్ల దాకా వస్తుంది. అవి 7.70 శ్లాబులో తగ్గితే 600 రూపాయల పైమాటే. నాలుగింటికీ కలిపి మాకు పన్నెండు వేలు అయింది. చలికాలంలో ఫ్యాన్ల అవసరం తక్కువన్నది కూడా లెక్కలో వేసుకుంటే రెండేళ్లకు కాస్త అటూ ఇటూగా ఖర్చు తిరిగొచ్చేస్తుంది. ఇంత త్వరగా అసలు రాబట్టే పెట్టుబడి మధ్యతరగతి ఇంట్లో ఇంకొకటి నాకు కనబడలేదు. దీనికి సబ్సిడీ అక్కర్లేదు, దరఖాస్తు లేదు, ఎవరూ వచ్చి తనిఖీ చేయరు. అయినా సోలార్ గురించి మాట్లాడినంత ఉత్సాహంగా ఫ్యాన్ల గురించి ఎవరూ మాట్లాడరు.

మా పక్కింటి మాస్టారు రిటైరయ్యారు. ఇంట్లో ఇద్దరే ఉంటారు. వాడకం నెలకు 230 యూనిట్ల దగ్గర తిరుగుతుంది. సోలార్ కంపెనీ వాళ్లు ఆయనకు మూడు కిలోవాట్ల కొటేషన్ ఇచ్చి వెళ్లారు. "చూడమ్మా, పెట్టించమంటావా?" అని కాగితం తెచ్చారు. 230 యూనిట్లకు ఆయన కట్టేది 1,251. ఎలాగోలా 190కి దించితే 772. నలభై యూనిట్లు తగ్గితే 479 రూపాయలు మిగులుతాయి, అంటే యూనిట్‌కు పన్నెండు రూపాయల చొప్పున. శ్లాబు పట్టికలో ఎక్కడా లేని ధర ఇది, గీత దాటడం వల్ల పుట్టింది. రెండు ఫ్యాన్లు, ఎప్పటిదో పాత ఫ్రిజ్ మారిస్తే ఆయన పని అయిపోతుంది. "లక్షకు పైగా ఎందుకు మాస్టారూ, ముందు ఇవి చేసి ఒక ఏడాది చూడండి" అన్నాను. ఆయన అలాగే చేశారు.

ఫ్యాన్లు మార్చాక మా వాడకం మార్చి నుంచి జూన్ దాకా నెలకు 500 దగ్గర, మిగతా నెలల్లో 300 దగ్గర నిలిచింది. ఏసీ, గీజరు, నీళ్ల మోటారు ఉన్న ఇల్లు, ఇంతకన్నా తగ్గదు. అప్పుడు సోలార్ వైపు తిరిగాం.

2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రకటించిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000, మూడో దానికి 18,000 సబ్సిడీ. అంటే గరిష్ఠంగా 78,000. ఎంత పెద్ద వ్యవస్థ పెట్టుకున్నా అంతకు మించి రాదు. దేశీయంగా తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్లకే ఇది వర్తిస్తుంది. చౌక కొటేషన్ చూసినప్పుడు మొదట అడగాల్సిన మాట ఇదే. పైగా సబ్సిడీ పని పూర్తయి నెట్ మీటరు బిగించాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందు మొత్తం సొమ్ము మనం సర్దుకోవాలి, లేదా బ్యాంకు అప్పు తీసుకోవాలి.

మాకు వచ్చిన కొటేషన్లలో రెండు కిలోవాట్లకు 1,35,000, మూడింటికి 1,90,000. సబ్సిడీ పోను 75,000, 1,12,000. అమ్మేవాళ్లందరూ మూడే తీసుకోమన్నారు. "సబ్సిడీ పూర్తిగా వాడుకోండి మేడమ్, వదిలేస్తారా?" అన్నారు. వదిలేశాం. ఎందుకో చెబుతాను.

మా ప్రాంతంలో కిలోవాటుకు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయని వేసుకోవచ్చు. రెండు కిలోవాట్లకు నెలకు 240. ఎండాకాలంలో 500 వాడే మేము 260కే బిల్లు కడతాం. 3,640 కాస్తా 1,482 అవుతుంది, 2,158 మిగులు. మామూలు నెలలో 300 కాస్తా 60 అయిపోతుంది. 1,790 బదులు, వంద లోపు ఇళ్ల ధరతో, 128 రూపాయల చిల్లర, 1,660 మిగులు. వానాకాలం మబ్బులు తీసేసినా ఏడాదికి ఇరవై వేలు. పెట్టింది 75,000. నాలుగేళ్లలోపు తిరిగొస్తుంది.

ఇప్పుడు మూడో కిలోవాటును విడిగా చూడండి. దానికి అదనంగా పడేది 37,000. ఎండాకాలంలో అది ఇంకో 120 యూనిట్లు తగ్గించి నెలకు 950 మిగులుస్తుంది. మిగతా ఎనిమిది నెలల్లో బిల్లులో కోయడానికి మిగిలింది ఆ 128 రూపాయలే. మిగిలిన యూనిట్లు గ్రిడ్‌కు వెళ్లి మన ఖాతాలో జమవుతాయి, తరువాతి నెలల్లో వాడుకోవచ్చు. కానీ నిర్ణీత కాలానికి ఒకసారి ఖాతా తేల్చినప్పుడు మిగులు యూనిట్లకు మనం కొనే శ్లాబు ధర ఇవ్వరు, అంతకన్నా బాగా తక్కువ ధర కడతారు. ఎలా చూసినా ఏడాదికి అయిదారు వేలు. మొదటి రెండు కిలోవాట్లు తమ ఖర్చును నాలుగేళ్లలో తిరిగి తెస్తే, మూడోది తన ఖర్చును తేవడానికి ఏడేళ్లు పడుతుంది. ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు, రెండు ఏసీలు ఏడాదంతా నడిచే ఇళ్లకు ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది. మాకు మాత్రం రెండే సరిపోయింది.

డబ్బు ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి పెట్టాం. "ఎఫ్‌డీ విరగ్గొట్టి ఇనుప చట్రం మీద పెడతారా?" అని మా అన్నయ్య అడిగాడు. అడగదగ్గ ప్రశ్నే. ఏడు శాతం వడ్డీకి 75,000 మీద ఏడాదికి 5,250 వస్తుంది, దాని మీద పన్ను ఉంటుంది. అసలు మాత్రం చివరికి మనదే. ప్యానెల్ మీద పెట్టిన అసలు ఏటా కరుగుతుంది, చివరికి మిగిలేది పాత సామాను. అందుకని ఇరవై వేలనూ లాభం అనుకోకూడదు. పదిహేనేళ్లలో అసలు మొత్తం కరిగిపోతుందని కఠినంగా వేసుకుని ఏటా 5,000 తీసేసినా పదిహేను వేలు నిలుస్తాయి. మన బిల్లు మనం తగ్గించుకోవడం ఆదాయం కాదు కాబట్టి దాని మీద పన్ను లేదు. ప్యానెళ్లకు 25 ఏళ్ల పనితీరు హామీ ఇస్తారు, ఇన్వర్టరుకు మాత్రం అంత ఆయుష్షు ఉండదు. అది ఒకసారైనా మార్చాల్సి వస్తుందని ముందే అనుకుని, మిగిలే సొమ్ములోంచి నెలకు 500 ఆర్‌డీ కడుతున్నాను.

పెట్టించాక వచ్చే ప్రశ్నలు వేరు. కరెంటు పోతే ఇంట్లో వెలుగుతుందా? వెలగదు. బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ వ్యవస్థ గ్రిడ్ ఆగగానే తనంతట తాను ఆగిపోవాలి. లేకపోతే లైన్ ఆపేశామనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లో ఉన్నవాళ్లు ఈ విషయం తెలుసుకునే దిగాలి. మే నెల ఎండకు కరెంటు బాగా వస్తుందా? ప్యానెల్‌కు కావలసింది వెలుతురు, వేడి కాదు. అది వేడెక్కేకొద్దీ ఉత్పత్తి కొంచెం తగ్గుతుంది.

అందరూ అనుమానపడేది ఇంకొకటి ఉంది. ఫోన్ యాప్‌లో 240 యూనిట్లు తయారైనట్టు చూపిస్తుంది, బిల్లులో ఎగుమతి 130 అనే ఉంటుంది. "మిగతా 110 ఎవరు కాజేశారు?" అంటారు. ఎవరూ కాజేయలేదు. పగలు తయారైనది తయారైనట్టే మన ఫ్రిజ్, మోటారు, మిక్సీ వాడుకున్నాయి. ఆ యూనిట్లు మీటరు దాటి బయటికే వెళ్లలేదు. గ్రిడ్‌కు వెళ్లిన మిగులును, గ్రిడ్ నుంచి తెచ్చుకున్నదాన్ని మాత్రమే నెట్ మీటరు చూస్తుంది. ఎగుమతి అంకె తక్కువగా ఉంటే నష్టపోయినట్టు కాదు.

గుంటూరులో ఉండే మా వదిన నా లెక్కలు చూసి తనూ అలాగే చేయాలనుకుంది. నేను ఆపాను. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ నుంచి శ్లాబుల తీరు వేరు. 30 దాకా 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. ఎంత వాడినా కింది యూనిట్లకు కింది ధరే. అక్కడ 200 నుంచి 201కి వెళితే పెరిగేది ఆరు రూపాయలు. కాబట్టి గీత కిందికి దిగాలన్న ఆరాటం వదినకు అక్కర్లేదు. కానీ ఆవిడ బిల్లులో మాకు లేని వరసలు ఉంటాయి. ఇంధన సర్దుబాటు పేరుతో వచ్చే వాటిలో కొన్ని ఎప్పుడో వాడిన కరెంటుకు సంబంధించినవి. 2022-23 లెక్క 2024 డిసెంబర్ నుంచి, 2023-24 లెక్క ఆ మరుసటి నెల నుంచి బిల్లుల్లో చేరాయి. పాత యూనిట్ల మీద వేసే ఛార్జీ కొత్తగా ప్యానెల్ పెట్టినంత మాత్రాన పోదు. అంతకన్నా అన్యాయం అద్దె ఇళ్లలో జరుగుతుంది. ఖాళీ చేసి వెళ్లిపోయిన వాళ్లు వాడినదానికి ఇప్పుడున్న కుటుంబం కడుతోంది. సర్వీసు నంబరును తప్ప మనిషిని చూడని ఈ పద్ధతి మారాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక స్మార్ట్ మీటర్లు. 2021లో కేంద్రం తెచ్చిన ఆర్‌డీఎస్‌ఎస్ పథకంతో ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్ల చర్చ ఇళ్లదాకా వచ్చింది. "అవి జోరుగా తిరుగుతాయట గదా?" అన్న భయం మా వీధిలోనూ ఉంది. ఆ భయాన్ని కొట్టిపారేయడం నాకిష్టం లేదు, నెలాఖరుకు డబ్బు కట్టేది భయపడుతున్న మనిషే. అందుకని మన చేతిలో ఉన్న హక్కులు చెబుతాను. రీడింగు మీద ఫిర్యాదు చేస్తే అయిదు రోజుల్లో పక్కన రెండో మీటరు పెట్టి కనీసం మూడు నెలలు సరిచూడాలని 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి. స్మార్ట్ మీటరు బిగించాక అందులో కనబడిన గరిష్ఠ లోడును చూపించి పాత కాలానికి జరిమానా వేయడానికి వీల్లేదని 2023 సవరణలో ఉంది. ప్రీపెయిడ్ మీటరుకు సిద్ధపడిన వాళ్ల దగ్గర సెక్యూరిటీ డిపాజిట్ అడగకూడదని 2003 విద్యుత్ చట్టం 47వ సెక్షన్‌లోనే రాసి ఉంది. ప్రీపెయిడ్ పెడతామని వస్తే ముందు మన డిపాజిట్ సంగతి అడగాలి.

అదే 2023 సవరణలో వేళను బట్టి ధర అన్న మాట ఉంది. ఎండ ఉండే గంటల్లో ధర కనీసం ఇరవై శాతం తక్కువ, రద్దీ వేళల్లో ఇళ్లకు కనీసం పది శాతం ఎక్కువ. మా బిల్లులో ఆ లెక్క ఇంకా రాలేదు. వస్తే, పగలు గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్, రాత్రి తెచ్చుకున్న యూనిట్ సమానంగా చెల్లుతాయా అన్నదాని మీద నా నాలుగేళ్ల లెక్క ఆధారపడుతుంది. అందుకే బట్టల మిషను, గ్రైండరు, నీళ్ల మోటారు ఇప్పటి నుంచే పదకొండు, రెండు గంటల మధ్య వేస్తున్నాం. మాస్టారు మొన్న మళ్లీ అడిగారు, రేపు వేళల ధర వస్తే తమకూ ఒక కిలోవాటు పనికొస్తుందా అని. ఫ్రిజ్ మార్చాక వచ్చిన బిల్లులన్నీ తెమ్మన్నాను, ఈ ఆదివారం కూర్చుంటున్నాం.