అమ్మ పెట్టిన వైవా

వెబ్ పేజీకి మతిమరుపు ఎక్కువ. ఒక పేజీలో పేరు టైప్ చేసి నెక్స్ట్ నొక్కితే, రెండో పేజీ లోడ్ అయ్యేసరికి మొదటి పేజీలోని జావాస్క్రిప్ట్ వేరియబుల్స్ అన్నీ పోతాయి. హెచ్‌టీటీపీ కూడా అంతే, ప్రతి రిక్వెస్ట్‌నీ కొత్త మనిషిని చూసినట్టే చూస్తుంది. 'స్టేట్‌లెస్' అని మనం రెండు మార్కులకి రాసేది దీని గురించే. 1994లో నెట్‌స్కేప్‌లో పనిచేస్తున్న లూ మాంటుల్లీ కుకీలు తయారుచేసింది ఈ మతిమరుపుకి మందుగానే.

ఇదంతా సిలబస్‌లో ఉంది. కానీ దీన్ని తెలుగులో చెప్పాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మా అమ్మ తెనాలిలో ఇంట్లోనే పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. ఆర్డర్లన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకుంటుంది. ఈ వేసవి సెలవుల్లో అమ్మ కోసం మూడు పేజీల సైట్ మొదలుపెట్టాను. మొదటి పేజీలో పచ్చడి ఎంచుకోవాలి, రెండోదాంట్లో వివరాలు నింపాలి, మూడోదాంట్లో ఆర్డర్ సరిచూసుకోవాలి. సర్వర్‌లో డేటాబేస్ లాంటిదేమీ లేదు, వట్టి హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్. చివర్లో బటన్ నొక్కితే ఆర్డర్ మెసేజ్‌గా తయారై వాట్సాప్ తెరుచుకుంటుంది. వాళ్ళు సెండ్ చేస్తే అమ్మకి వస్తుంది.

అమ్మ ఆవపిండి జల్లిస్తూ అడిగింది, "ఈ పేజీలో రాసింది ఆ పేజీకి ఎట్టా తెలుస్తుందే?"

నేను నర్సరీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. క్వెరీ స్ట్రింగ్ గురించి ఇంగ్లీషులో అయితే పది నిమిషాలు ఆగకుండా చెప్తాను. తెలుగులో నోరు పెగల్లేదు. కాసేపు ఆలోచించి, "చీటీ రాసి పంపినట్టు అమ్మా. అడ్రస్ చివర ప్రశ్న గుర్తు పెట్టి, పచ్చడి ఆవకాయ, కేజీలు 2 అని రాస్తాం. రెండో పేజీ దాన్ని చదువుకుంటుంది" అన్నాను.

"చీటీ మడిచి ఉంటదా, తెరిచి ఉంటదా?"

మా ల్యాబ్ ఎగ్జామ్‌లో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. తెరిచే ఉంటుంది. అడ్రస్ బార్‌లో కనబడుతుంది, హిస్టరీలో మిగిలిపోతుంది, లింక్ ఎవరికైనా ఫార్వర్డ్ చేస్తే దాంతోపాటే వెళ్తుంది.

"అయితే ఫోన్ నంబర్లు దాంట్లో రాయొద్దు. అసలు నంబర్ ఎందుకే? వాట్సాప్‌లో వస్తే కనబడుద్దిగా. ఇంటి అడ్రస్ కూడా నేనే అడుగుతా."

ఫారమ్‌లోంచి రెండు బాక్సులు తీసేశాను. ఇక మిగిలింది పేరు, ఎన్ని కేజీలు.

అమ్మ నోట్‌బుక్ సంగతి ఇక్కడ చెప్పాలి. మా వీధిలో ఎవరు రెండు కేజీలు తీసుకున్నారో, ఎవరు పావు కేజీ అప్పు రాయించుకున్నారో అంతా అందులో ఉంటుంది. మాట్లాడుతుండగా ఇంకొకరు గుమ్మం ఎక్కితే అమ్మ దాన్ని మూసేస్తుంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, దానికో కారణం ఉంటుందని ఎప్పుడూ ఆలోచించలేదు. 'ప్రైవసీ' అనే మాట అమ్మ నోట ఎప్పుడూ వినలేదు మరి.

అందుకే చీటీలో పచ్చడి పేరొక్కటే ఉంచాం. అది తెరిచి ఉండటమే మంచిది కూడా. "ఈ గోంగూర తిని చూడు" అని ఎవరైనా లింక్ పంపితే, నొక్కినవాళ్ళకి గోంగూరే ఎంచుకుని ఉంటుంది.

పేరు, కేజీలు తీసుకెళ్ళడానికి ఇంకో రెండు దారులున్నాయి. లోకల్‌స్టోరేజ్ గోడలో అల్మారా లాంటిది, బ్రౌజర్ మూసినా అందులో పెట్టింది అలాగే ఉంటుంది. సెషన్‌స్టోరేజ్ చేతిసంచి లాంటిది, రిఫ్రెష్ చేసినా ఉంటుంది కానీ ట్యాబ్ మూస్తే పోతుంది. అల్మారాలో పెడితే వచ్చేసారి మళ్ళీ టైప్ చేసే పని ఉండదని చెప్పాను.

"పక్కింటి పిన్నిగారికి సొంత ఫోన్ లేదు, కోడలి ఫోన్లో చూస్తది. ముందు కోడలు ఎంత తీసుకుందో ఆవిడకి కనబడదూ?"

కనబడుతుంది. సంచే ఖాయమైంది. ఆర్డర్ మెసేజ్ తయారవగానే దాన్నీ ఖాళీ చేసే లైన్ రాశాను. అల్మారాలో మాత్రం తెలుగా, ఇంగ్లీషా అనే ఎంపిక ఒక్కటే పెట్టాం. అది ఎవరు చూసినా నష్టం లేదు.

ఈ రెండింటికీ ఒక గుణం ఉంది. ఏది పెట్టినా టెక్స్ట్‌గానే దాచుకుంటాయి. 2 పెడితే '2' అనే అక్షరంలా తిరిగొస్తుంది. దాన్ని మళ్ళీ నంబర్‌గా మార్చకుండా ఇంకో కేజీ కలిపితే 3 రాదు, 21 వస్తుంది. ఇది చెప్తే అమ్మ జల్లెడ పక్కన పెట్టి మరీ నవ్వింది. "ఇరవై ఒక్క కేజీలకి కాయలు ఎవరు తెస్తారే!"

తర్వాత అమ్మ ఇంకో సందేహం అడిగింది, పేర్లు తెలుగులో రాయొచ్చా అని. రాయొచ్చు. సంచిలో తెలుగు తెలుగులాగే ఉంటుంది. చీటీలో మాత్రం దారి పొడుగునా వేషం మారుస్తుంది. 'సీత' అనే పేరు మనకి రెండక్షరాలు. యూనికోడ్‌కి మూడు కోడ్ పాయింట్లు, ఎందుకంటే దీర్ఘం విడిగా లెక్క. యూటీఎఫ్-8లో ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 9. ఒక్కో బైట్‌నీ శాతం గుర్తు పెట్టి మూడు గుర్తుల్లో రాస్తారు కాబట్టి అడ్రస్‌లో 27 గుర్తులు. ఇంగ్లీషులో అదే పేరు నాలుగు అక్షరాలతో అయిపోతుంది. అయినా అవతలి పేజీలో డీకోడ్ చేస్తే దీర్ఘంతో సహా చెక్కుచెదరకుండా 'సీత' వచ్చేస్తుంది. అంత దూరం వెళ్ళి అలాగే తిరిగి రావడం నాకెందుకో చాలా నచ్చింది.

ఆఖరి ప్రశ్న ధర గురించి. "ధర కూడా పేజీ నుంచి పేజీకి పంపుతావా?" పంపను. చీటీ ఎవరైనా దిద్దొచ్చు, డెవలపర్ టూల్స్ తెరిస్తే సంచిలోదీ మార్చొచ్చు. బ్రౌజర్ నుంచి వచ్చినదాన్ని గుడ్డిగా నమ్మకూడదని మనం చదివిందే. మూడో పేజీలో కనబడే మొత్తం అంచనా మాత్రమే, అసలు లెక్క అమ్మదే. "అంతే మరి. కొనేవాళ్ళు ధర రాసుకొస్తారా ఎక్కడైనా?" అంది.

ఇప్పుడు సైట్ నడుస్తోంది. మూడో పేజీ కింద అమ్మ ఒక వాక్యం పెట్టమంది: "మీ వివరాలు ఈ పేజీలో దాచుకోం." కోడ్ మొత్తం ఇంకోసారి చదివి, అది నిజమేనని చూసుకున్నాకే పెట్టాను. నోట్‌బుక్ మాత్రం అలాగే ఉంది, అప్పులు ఇంకా అందులోనే రాస్తోంది.

ఈ సెమిస్టర్‌లో మీ మినీ ప్రాజెక్ట్ రివ్యూకి ముందు ఒకసారి ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పి చూడండి. మొదటి ఐదు నిమిషాలు మాటలు దొరకవు. ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు రాసుకోవడానికి పెన్ను దగ్గర పెట్టుకోండి.